మంగఫ్ పిన్నిగారు

ఫిజియోథెరపీ చేసేవాళ్లకి మనుషులు ఏ భాషలో ఎలా మూలుగుతారో తెలిసిపోతుంది. కువైట్‌లో, ఫహాహీల్‌లోని మా క్లినిక్‌కి వచ్చే మలయాళీలు "అమ్మే" అంటారు. ఫిలిప్పీన్స్ వాళ్లు "అరాయ్" అంటారు. అరబ్బులు దేవుణ్ణి పిలుస్తారు. మొన్నొక రోజు, మోకాలి ఆపరేషన్ అయిన కువైటీ పెద్దావిడ ఒకామె వచ్చింది. నేను ఆమె కాలు పట్టుకుని నెమ్మదిగా మడుస్తున్నాను. ఒక చోట నొప్పి తగిలినట్టుంది. బల్ల అంచు గట్టిగా పట్టుకుని, గది దద్దరిల్లేలా అరిచింది.

"అయ్యబాబోయ్!"

నా చేతిలో ఆమె కాలు అలాగే ఉండిపోయింది. అప్పుడు సరిగ్గా మొహం చూశాను. బాగా చిక్కిపోయింది గాని, ఆమే. ఒకప్పుడు మేం మంగఫ్‌లో అద్దెకున్న బిల్డింగు ఓనరమ్మ.

"ఖాలా, నేను గుర్తున్నానా? మూడో అంతస్తు," అన్నాను. పెద్దావిడల్ని ఇక్కడ ఖాలా అనే పిలుస్తారు, పిన్నీ అన్నట్టు.

"నువ్వు లోపలికి రాగానే గుర్తుపట్టాను. నువ్వే నన్ను గుర్తుపట్టలేదు," అంది. ఆ వెంటనే, "నీ కింద ఇంటామె ఎలా ఉంది? నాకీ మాట నేర్పిందామె. నొప్పి తగ్గించే మాటని చెప్పింది," అంది.

చెప్పక తప్పలేదు. పోయిన కార్తీకమాసంలో కాకినాడలో పోయారని, మధ్యాహ్నం పడుకుని ఇక లేవలేదని చెప్పాను. ఓనరమ్మ కళ్లు మూసుకుని ఏదో ప్రార్థన గొణుక్కుంది. కాసేపటికి కళ్లు తెరిచి అడిగింది. "ఆ మాటకి అర్థం ఏమిటి?"

"అర్థం ఏమీ లేదు ఖాలా. మా వైపు నొప్పి వచ్చినా, భయం వేసినా ఊరికే అలా అంటారు."

ఆమె పొట్ట కదిలేలా నవ్వింది. "అబద్ధాలకోరు! ఇన్నేళ్లూ అంటూనే ఉన్నాను." మళ్లీ తనే, "కానీ, కొంచెం తగ్గుతుంది," అంది.

ఆ సాయంత్రం ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ పిన్నిగారే నా పక్కన నడుస్తున్నట్టుంది.

ఆవిడ నాకు చుట్టం కాదు. ఆవిడది కోనసీమ, మాది విజయవాడ. పెళ్లయిన కొత్తలో మా ఆయన ఉద్యోగం కోసం కువైట్ వచ్చాం. అహ్మదిలో చమురు పనులు చేసే కాంట్రాక్టు కంపెనీలో ఆయన ఇంజనీరు. తెల్లవారుతూనే కంపెనీ బస్సెక్కితే పొద్దుపోయాక దిగేవారు. విజయవాడలో నాకూ ఉద్యోగం ఉండేది. పేషెంట్లు "మేడమ్, మేడమ్" అంటూ వెనక తిరిగేవారు. ఇక్కడ నా నివాస కార్డు, ఇఖామా మీద "భార్య" అని తప్ప ఇంకేమీ లేదు. కిటికీలోంచి చూస్తే ఇసకరంగు బిల్డింగులు, వాటి నెత్తిన నీళ్ల ట్యాంకులు, రెండు గోడల మధ్య తువ్వాలంత సముద్రం. రోజంతా ఏసీ చప్పుడు వింటూ కూర్చునేదాన్ని. వెళ్లిపోతానని మా ఆయనతో చెప్పేశాను. పెట్టె కూడా సర్దుకున్నాను. ఆయన పాపం, వద్దనలేదు, సరేననలేదు.

అలాంటి ఒక పొద్దున్న వరండాలోంచి కేక వినిపించింది.

"ఎవరండీ లోపల! బెజవాడోళ్లంట కదా!"

పిన్నిగారికి తలుపు కొట్టడం, బెల్లు నొక్కడం అలవాటు లేదు. బయట నిలబడి పిలవడమే. తలుపు తీస్తే పొట్టిగా, గుండ్రంగా ఒకావిడ. నేత చీర, నుదుట పెద్ద బొట్టు, కాళ్లకి మగవాళ్లు తొడుక్కునే తెల్లటి స్పోర్ట్స్ బూట్లు. కొత్తగా దిగినవాళ్ల కోసం ఏదో వండి తెచ్చి ఉంటారనుకున్నాను. చేతిలో ఏమీ లేదు.

"కరేపాకుందా అమ్మాయ్?"

"లేదండీ."

"నాకూ లేదు. చెప్పులేసుకో, తెచ్చుకుందాం."

నా జవాబు కోసం ఆగలేదు. మెట్ల వైపు నడుస్తూ మాట్లాడుతూనే ఉన్నారు. నేను వెనకాలే వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ తెలీదు.

దారిలో చూసిందేమిటంటే, ఆవిడ ప్రపంచంలో ఎవరితోనైనా తెలుగే మాట్లాడతారు. మా బిల్డింగు కాపలాదారు సయ్యద్ ఈజిప్టు మనిషి. అతన్ని చూసి, "సయ్యదూ, మెట్ల కాడ చెత్త తీయించు బాబూ, వాసనొత్తంది," అన్నారు. అతను "హాదర్," అలాగేనని చెత్త సంచి పట్టుకుపోయాడు. కూరల కొట్లో బంగ్లాదేశ్ కుర్రాడితో, "నిన్నటిది కాదు నాన్నా, లోపల తడిగుడ్డలో దాచావు చూడు, అదియ్యి," అన్నారు. అతను లోపలికెళ్లి తాజా కట్ట తెచ్చాడు. అంతకు ముందు రోజు అదే కొట్లో నేను చక్కటి ఇంగ్లీషులో కొత్తిమీర అడిగితే అతను పుదీనా ఇచ్చాడు.

"అతనికి తెలుగు రాదు కదండీ?" అన్నాను బయటికొచ్చాక.

పిన్నిగారు ఆగిపోయారు. "రాదా? మరిన్నాళ్లూ చెప్పడేం?"

ఇరవై ఏళ్లకు పైగా ఉన్నా ఆవిడకి పట్టుబడ్డ అరబీ మాటలు మూడో నాలుగో. అవి కూడా ఆవిడ సొంతానికి మార్చుకున్నారు. "ఖలాస్" అంటే అయిపోయింది అని అందరికీ తెలుసు. పిన్నిగారు మాత్రం అన్నం ఉడికినా ఖలాస్ అనేవారు, ఎవరిదైనా పెళ్లి కుదిరినా ఖలాస్ అనేవారు. "మాఫీ" అంటే లేదు అని; ఇంట్లో ఉప్పు నిండుకుంటే, "ఉప్పు మాఫీ అమ్మాయ్, కాస్త పెట్టు," అని కింద నుంచి కేకేసేవారు. చలికాలంలో చీర మీద వాళ్లాయన, బాబాయిగారి కంపెనీ జాకెట్టు తొడుక్కునేవారు, వెలుగు పడితే మెరిసే చారలున్నది. అది వేసుకుని ఆవిడ చెయ్యి అడ్డం పెడితే రోడ్డు మీద పెద్ద పెద్ద కార్లు కూడా ఆగేవి. బహుశా రోడ్డు పనివాళ్ల మేస్త్రీ అనుకునేవారేమో.

ఇంత ధైర్యమున్న మనిషికి దారులు మాత్రం బొత్తిగా తెలీవు. తెలీవన్న సంగతీ తెలీదు.

ఎండలు కాస్త తగ్గాక ఒక రోజు, షర్క్‌లో చేపల మార్కెట్టు చూపిస్తానని బయల్దేరదీశారు. మంగఫ్ నుంచి బస్సులో సిటీకి వెళ్లి, అక్కడ ఇంకో బస్సు మారాలి. మొదటి బస్సు బాగానే ఎక్కాం. రెండోది ఆవిడ దూరం నుంచే గుర్తుపట్టి, "అదే, అదే, పరిగెత్తు!" అన్నారు. ఎక్కి కూర్చున్నాం. ఎంతసేపటికీ సముద్రం రాదు. ఇళ్లు పలచబడ్డాయి. రోడ్డుకి అటూ ఇటూ ఇసక వచ్చింది. ఒంటెలు కూడా కనిపించాయి.

"పిన్నిగారూ, మార్కెట్టు సముద్రం ఒడ్డునే అన్నారు కదా?"

"ఇటు నుంచి తిప్పి తీసుకెళ్తాడమ్మా."

తిప్పి తీసుకెళ్లలేదు. బస్సు చివరికి జహ్రాలో ఆగింది. షర్క్ ఒక దిక్కయితే జహ్రా ఇంకో దిక్కు. నాకు ఏడుపొచ్చింది. తెలీని దేశంలో తెలీని ఊరు. ఫోన్లో ఛార్జింగు లేదు. మా ఆయనకి ఏం చెప్పాలి? పిన్నిగారు కొంగు నడుముకి చుట్టుకుని నాలుగు వైపులా తేరిపార చూశారు.

"ఇదీ ఊరే కదమ్మాయ్. జనం ఉన్నారు, తింటన్నారు, తాగుతన్నారు. రా."

వీధి మలుపులో రొట్టెల బట్టీ ఉంది. అఫ్ఘాన్ మనిషి ఒకతను చేటంత రొట్టెల్ని పొయ్యిలోంచి తీస్తున్నాడు. వేడి వేడిగా ఒకటి కొన్నారు. దుకాణం ముందున్న చెక్కబల్ల మీద కూర్చున్నాం. పిన్నిగారు హ్యాండుబ్యాగులోంచి చిన్న స్టీలు డబ్బా తీశారు. అందులో ఆవకాయ.

"ఇది ఎప్పుడూ ఇందులోనే ఉంటుందా?"

"మరి? ఎక్కడ తేల్తానో నాకేం తెలుసు?"

అంటే తప్పిపోతానని ఆవిడకి లోపల ఎక్కడో తెలుసన్నమాట. ఆ రొట్టె, ఆ ఆవకాయ, ఆ దుమ్ము. నేను కువైట్ వచ్చాక కడుపు నిండా తిన్నది అక్కడే. అఫ్ఘాన్ మనిషి కళ్లతోనే అదేమిటని అడిగాడు. "తినిచూడు తమ్ముడూ, మా ఊరి కాయ," అని ఒక ముక్క రొట్టెలో చుట్టి ఇచ్చారు. అతను నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మొహం బట్టీలో నిప్పులా అయిపోయింది. సీసాడు నీళ్లు గటగటా తాగాడు. మేం భయపడి లేవబోతుంటే, ఇంకో వేడి రొట్టె తెచ్చి మా ముందు పెట్టి, డబ్బా వైపు చెయ్యి చాచాడు.

నేను పగలబడి నవ్వాను. ఆ దేశంలో నా నవ్వు నేను వినడం అదే మొదటిసారి. సాయంత్రం దాటాక ఇల్లు చేరితే మా ఆయన గుమ్మంలో కంగారుగా నిలబడి ఉన్నారు. "ఎక్కడికి వెళ్లారు?" అంటే, "ఊరు చూడ్డానికి," అన్నాను. పెట్టె మంచం కింద సర్దినట్టే ఉంది గాని, మళ్లీ దాని గురించి ఇద్దరం మాట్లాడుకోలేదు.

చేపల మార్కెట్టు చూడ్డానికి ఇంకా చాలా రోజులు పట్టింది. ఈసారి బస్సు నేను చూసి ఎక్కించాను. పాలరాయి గట్ల మీద మంచుముక్కలు, వాటి మీద తళతళలాడే చేపలు, వేలం పాటల గోల. ఒక గట్టు దగ్గర పిన్నిగారు ఉన్నట్టుండి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. వెడల్పాటి పొట్ట, వెండి పొలుసులు ఉన్న చేప అది. అమ్మే అతను కూడా బంగ్లాదేశ్ వాడే. "సుబూర్, సుబూర్," అని అరబీ పేరు చెప్పి, మేం తెల్లమొహం వేయడం చూసి, "ఇలిష్! మా దేశంలో ఇలిష్!" అన్నాడు.

"ఇలస అంటన్నాడమ్మాయ్!" పిన్నిగారు చేప మీదికి వంగిపోయారు. "మన పులస! సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, గోదాట్లో ఎదురీదితే పులస. ఇన్నేళ్లూ ఇక్కడ దొరకదనుకుని చచ్చాను గదే!"

ఇంటికి తెచ్చాక బాబాయిగారు దాన్ని ఎగాదిగా చూశారు. ఆయన రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. "గోదారి నీళ్లు తాగంది పులసెలాగవుద్ది?" అన్నారు.

"ఇదీ ఎదురీదిందేనంట. ఇరాక్‌లో పెద్ద ఏరుందంట, దాంట్లోకి."

"ఏరూ గోదారీ ఒకటేనా?"

"దానికేం తెలుసండీ ఏదేంటో, దాని మానాన్నది ఈదింది!"

ఆ తగువు చివరిదాకా తేలలేదు. పిన్నిగారు మాత్రం చింతపండు పులుసు పోసి, బెండకాయలు వేసి, సన్నటి సెగ మీద పొద్దుటి నుంచి కుండ కదపకుండా ఉడికించారు. పులస పులుసు వండిన రోజు తినకూడదట, మర్నాడు తినాలట. అంటే వాసన రెండు రోజులు. మా పై అంతస్తులో కొత్తగా దిగినవాళ్లు ఓనరమ్మకి ఫోన్ చేసి ఫిర్యాదు చేశారు.

ఓనరమ్మ అంటే అందరికీ హడల్. గోడకి మేకులు కొట్టారని ఒక కుటుంబాన్ని ఖాళీ చేయించిన మనిషి. మర్నాడు మధ్యాహ్నం సయ్యద్ రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. "మామా కమింగ్! సమక్ మాఫీ! సమక్ మాఫీ!" ఓనరమ్మని అతను మామా అనే పిలుస్తాడు. చేప లేదని చెప్పమని పాపం అతని సలహా.

"మాఫీ ఏంటి సయ్యదూ, కుండ నిండా ఉంటే," అన్నారు పిన్నిగారు. తర్వాత నన్ను కేకేశారు, ఇంగ్లీషుకి సాయంగా.

వీళ్లు ఖాళీ చేసి ఇంకెక్కడికో పోతే నేను ఆ కిటికీ దగ్గరికే తిరిగిపోవాలి. ఓనరమ్మ చేతికర్రతో, మోకాలు ఈడ్చుకుంటూ లోపలికి వచ్చింది. నిలబడే తీర్పు చెప్పింది. "బిల్డింగ్ అంతా వాసన. ఈ నెలాఖరుకి ఖలాస్."

నేను తెలుగులో చెప్పబోతుంటే పిన్నిగారు వినిపించుకోలేదు. కుర్చీ లాగి, "ముందు కూర్చోండమ్మా. మోకాలు అంత నొప్పెడతంటే నిలబడి తిట్టడం ఎందుకు, కూర్చుని తిట్టండి," అన్నారు. ఏమర్థమైందో గాని ఓనరమ్మ కూర్చుంది.

"ఏం చేప?" అని నన్ను అడిగింది.

"సుబూర్."

ఆమె ముక్కుపుటాలు కదిలాయి. తర్వాత మెల్లిగా చెప్పుకొచ్చింది. వాళ్ల అమ్మమ్మది ఇరాక్‌లో బస్రా అట. చిన్నప్పుడు ఈ చేప కాలం వస్తే ఇల్లంతా పండగట. ఇప్పుడు కోడళ్లు ముళ్లని, వాసనని గడప దాటనివ్వరట. నేను తెలుగులో చెప్పడం పూర్తయ్యేసరికి పిన్నిగారు ఆమె ముందు పళ్లెం పెట్టేశారు.

ఓనరమ్మ చేతి ఉంగరాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. ముల్లు ముల్లూ వేళ్లతో విడదీస్తూ, పళ్లెం మీంచి తలెత్తకుండా తింది. నాకైతే అదే చేప ముల్లు గొంతులో దిగి, రెండు వట్టి అన్నం ముద్దలు మింగాల్సి వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ చేప గొప్పేమిటో నాకు ఎన్నడూ తెలీలేదు. మధ్యలో కారం నషాళానికి అంటి ఓనరమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చేతులతో నోరు విసురుకుంది.

"అయ్యబాబోయ్ అనండమ్మా, తగ్గుతాది," అన్నారు పిన్నిగారు గంభీరంగా. "కారమైనా, నొప్పైనా."

"అయ్య... బాబోయ్?"

"ఇంకా గట్టిగా."

తిని చెయ్యి కడుక్కున్నాక ఓనరమ్మ తీర్పు మార్చింది. చేప వండుకోవచ్చు, కానీ ఇంట్లో కాదు, డాబా మీద. సయ్యద్ అక్కడ గ్యాస్ పొయ్యి పెట్టిస్తాడు. వండినప్పుడల్లా తనకో గిన్నె పంపాలి. పై అంతస్తువాళ్లకీ పిన్నిగారు ఒక గిన్నె ఇచ్చారు గాని వాళ్లు పుచ్చుకోలేదు. ఉన్నన్నాళ్లూ మమ్మల్ని చూస్తే ముక్కు మూసుకునే మెట్లు దిగేవారు. అందరూ మారరు కదా.

ఆ రోజే ఇంకొకటి కూడా జరిగింది. ఓనరమ్మ వెళ్లబోతుంటే పిన్నిగారు నన్ను ముందుకి తోశారు. "మా అమ్మాయి డాట్రండీ. మోకాళ్లు బాగుచేత్తాది."

నేను కంగారుపడి, డాక్టర్ని కానని, ఫిజియోథెరపిస్టునని, ఈ దేశంలో లైసెన్సు లేకుండా చెయ్యి వేయకూడదని చెప్పాను. ఓనరమ్మ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "అయితే తెచ్చుకో. నా మోకాలు ఎక్కడికీ పోదు."

లైసెన్సు పరీక్షకి నేను చదవడం మొదలుపెట్టింది అందుకే. ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే నిద్రొస్తోందని పిన్నిగారి వంటింట్లో చదివేదాన్ని. పేషెంట్లతో మాట్లాడాలని అరబీ మాటలు కూడా బట్టీ పట్టేదాన్ని. ఆవిడ కూరలు తరుగుతూ అప్పజెప్పించుకునేవారు.

"మోకాలు?"

"రుక్బా."

"రుక్బా!" ఆవిడ కత్తిపీట ఆపేవారు. "మా ఊళ్లో రుక్మిణని ఉండేది. దానికీ మోకాళ్ల నొప్పే. ఇంక మర్చిపోవు, ఫో."

నిజంగానే మర్చిపోలేదు. పరీక్ష పాసై, క్లినిక్‌లో చేరిన రోజు ఆవిడ బిల్డింగు బిల్డింగంతా తిరిగి "ఖలాస్! మా అమ్మాయికి ఉద్యోగం ఖలాస్!" అని చెప్పారు. విన్నవాళ్లు నా ఉద్యోగం ఊడిందనుకుని నన్ను ఓదార్చడానికి వచ్చారు.

తర్వాత కొన్నేళ్లకి బాబాయిగారు రిటైరయ్యారు. వాళ్లమ్మాయి పూణెలో ఉండేది. అక్కడికి వెళ్లకుండా కాకినాడలో ఫ్లాటు కొనుక్కుని వెళ్లిపోయారు. విమానాశ్రయానికి పిన్నిగారు పట్టుచీర కట్టి, అవే బూట్లు వేసుకుని బయల్దేరారు. సయ్యద్ పెట్టెలు కారులో పెట్టి అటు తిరిగి నిలబడ్డాడు. "ఏడవకు సయ్యదూ, మీ ఆవిణ్ణి అడిగానని చెప్పు," అన్నారు ఆవిడ. ఆ మాట అతనికి పూర్తిగా అర్థమైందని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

ఆఖరిసారి చూసింది కిందటేడు, సెలవుల్లో కాకినాడ వెళ్లినప్పుడు. కొత్త కాలనీ, కొత్త అపార్ట్‌మెంటు. బాబాయిగారు ఒక్కరే టీవీ చూస్తున్నారు. "మీ పిన్ని కింద పార్లర్లో ఉంది," అన్నారు. అదీ ఆ రోజు ఆయన మాట్లాడిన వాటిల్లో పెద్ద వాక్యం.

పిన్నిగారేమిటి, బ్యూటీపార్లరేమిటి అనుకుంటూ దిగాను. వీధి మొగలో చిన్న గది. మణిపూర్ నుంచి వచ్చిన ఇద్దరమ్మాయిలు నడుపుతున్నారు. తెలుగు రాదు, హిందీ కూడా అంతంతే. పిన్నిగారు తిరిగే కుర్చీలో దర్జాగా కూర్చుని ఉన్నారు. ఒకమ్మాయి ఆవిడ జడ విప్పి నూనె రాస్తోంది, ఇంకొకతె పక్కన స్టూలు మీద కూర్చుని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. ఆవిడ బాబాయిగారి మీద చాడీలు చెబుతున్నారు, అచ్చమైన కోనసీమ తెలుగులో.

నన్ను చూసి చెయ్యి పట్టుకుని పక్క కుర్చీలో కూలేశారు. కుశలాలయ్యాక అడిగాను. "ఇక్కడ బాగుందా పిన్నిగారూ? అపార్ట్‌మెంటులో అందరూ మనవాళ్లే కదా."

"మనోళ్లే. అదేనమ్మాయ్ చిక్కు." ఆవిడ అద్దంలోంచి నన్ను చూస్తూ అన్నారు. "అక్కడ ఎవరికీ నా మాట అర్థమయ్యేది కాదు. అందుకని పని మానేసి, మొహంలోకి చూసి వినేవోరు. ఇక్కడ అందరికీ అర్థమైపోద్ది. ఇంక వినేదెవరు?"

ఆవిడే ముందు నవ్వేశారు. ఆవిడ నవ్వడం చూసి ఆ ఇద్దరమ్మాయిలూ నవ్వారు. స్టూలు మీద పిల్ల, తర్వాతేమైందో చెప్పమన్నట్టు ఆవిడ మోచెయ్యి కదిపింది.

అంతలో ఫోన్ మోగింది. బాబాయిగారు. భోజనం వేళైందని కాబోలు. పిన్నిగారు ఫోన్ చెవికి ఆనించుకుని, నూనె తల కదలకుండా చెప్పారు.

"ఎక్కడికీ పోలేదండీ, మా వాళ్లింట్లో ఉన్నాను."